ఈ పోరడు ఏ కేటగిరీ సార్?

ప్రో కబడ్డీ వేలం దగ్గర పడ్డదంటే కాగజ్‌నగర్‌లో పనిలేనివాళ్లకు కూడా తీరిక దొరకదు. స్టేషన్ బయటి చాయ్ హోటల్లో పొద్దున్నే సెలక్షన్ కమిటీ కూర్చుంటుంది. సభ్యత్వానికి అర్హత ఒక్కటే: జన్మలో ఒక్కసారి కూడా కూతకు వెళ్లి ఉండకూడదు. పేపర్ మిల్లులో రిటైరైన పెద్దమనిషి అధ్యక్షుడు. మెడికల్ షాపు ఓనరు డిఫెన్స్ నిపుణుడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఏళ్లుగా ప్రిపేరవుతున్న తమ్ముడిది గణాంకాల శాఖ. తెలుగు టైటాన్స్‌కు ఎవరు కావాలో, ఎంతకు కొనాలో రెండో చాయ్ వచ్చేలోగా తేలిపోతుంది.

"లెఫ్ట్ కార్నర్ ఖాళీ ఉన్నదే. హర్యానా పోరడొకడున్నడు, యాంకిల్ పట్టిండంటే ఇడువడు."

"కార్నర్ సంగతి తర్వాత. ముందుగాల కవర్లు చూడాలె. ఒకడు డాష్‌కు పోతే ఇంకొకడు మొహం చూసుకుంట నిలవడ్తడు."

"మూడో రైడర్ లేకుంటే డూ ఆర్ డైల ఎవడు పోతడే? నువ్వు పోతవా?"

ఈ కమిటీకి రోహ్‌తక్‌లో ఏ పోరడి మోకాలు ఎప్పుడు వాచిందో తెలుసు. సోనిపత్‌లో కొత్తగా ఎవడు తేలాడో తెలుసు. కాగజ్‌నగర్ డిగ్రీ కాలేజీల్లో లెఫ్ట్ కార్నర్ ఆడేదెవరని మాత్రం అడగకండి. చాయ్ చల్లారిపోతుంది గానీ జవాబు రాదు. పాపం, వీళ్లను అని లాభం లేదు. జీతాలు తీసుకునే సెలక్టర్లకే తెలియని సంగతి, సొంత పైసలతో చాయ్ తాగేవాళ్లకు ఎందుకు తెలియాలి?

ఇక ఆ జీతాల సెలక్టర్ల ఘనత చూద్దాం. 2021-22 సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచులాడి ఒకటి గెలిచింది. 2022లో 22కు రెండు. 2023-24లో 22కు మళ్లీ రెండే. మూడు సీజన్లూ పట్టికలో అట్టడుగు. మొత్తం 66 మ్యాచులు, 5 గెలుపులు. గెలవడంలో నిలకడ ఏ టీముకైనా అప్పుడప్పుడు వస్తుంది. ఓడడంలో ఇంత నిలకడ సాధన లేనిదే రాదు.

ఆ సాధన ఎలా సాగిందో కూడా చెప్పుకోవాలి. 2019 వేలంలో కొల్హాపూర్ రైడర్ సిద్ధార్థ్ దేశాయ్‌ని కోటీ 45 లక్షలకు కొన్నారు. ఆ ఏడాది వేలంలో అదే పెద్ద ధర. 12 టీముల్లో మనది 11వ స్థానం. పాఠం నేర్చుకున్నారా? నేర్చుకున్నారు. ఈసారి ఇంకా ఎక్కువ పెట్టాలని నేర్చుకున్నారు. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడుకున్నారు. అప్పటికి లీగ్ చరిత్రలోనే అంత ధర ఎవరికీ పలకలేదు. టీము మొత్తానికి ఇచ్చే పర్సు 5 కోట్లు. సగానికి పైగా ఒక్క మనిషి మీద పెట్టి, మిగిలినదాంట్లో జట్టంతటినీ సర్దారు. రెండు గెలుపులొచ్చాయి. గెలుపొక్కంటికి కోటీ 30 లక్షలు పడింది. ఇందులో పవన్ తప్పేం లేదు, అతని ఆట అతను ఆడాడు. కబడ్డీ కోర్టులో ఏడుగురు నిలబడతారన్న సంగతి వేలం బల్ల దగ్గర ఎవరికీ గుర్తు రాలేదు, అంతే.

తర్వాతి కథ ఇంకా రుచిగా ఉంటుంది. 2025 వేలంలో పవన్ 59 లక్షల 50 వేలకు తమిళ్ తలైవాస్‌కు వెళ్లిపోయాడు. కోట్ల మనిషి లేని ఆ సీజన్‌లోనే విజయ్ మాలిక్ కెప్టెన్సీలో టైటాన్స్ ప్లేఆఫ్స్‌కు ఎక్కింది, రెండో క్వాలిఫయర్ దాకా పోయి పుణెరి పల్టన్ చేతిలో ఓడింది. ధర తగ్గితే టీము లేచింది. దీన్ని బట్టి ఏమర్థమైందని అడిగితే మన కమిటీ అధ్యక్షుడు చాయ్ గ్లాసు కింద పెట్టి, "వచ్చే ఏడాది పెద్ద ప్లేయర్ని కొనాలె" అన్నాడు.

కన్ను లేనివాడు ధరను నమ్ముకుంటాడు. ఈ వ్యవహారమంతటికీ మూలం అదే. ఆటగాణ్ణి చూసి వెల కట్టడం ఒక విద్య. వెలను చూసి ఆటగాడనుకోవడానికి విద్య అక్కర్లేదు, చెక్కుబుక్కు చాలు. వేలంలో నాలుగు కేటగిరీలు పెట్టారు. 'ఏ' కేటగిరీకి కనీస ధర 30 లక్షలు, బీకి 20, సీకి 13, డీకి 9. డుబ్కీలకు పేరుమోసిన పర్దీప్ నర్వాల్‌ను 2021లో కోటీ 65 లక్షలకు ఎగబడి కొన్నారు. 2025లో అదే మనిషి పేరు పిలిస్తే హాల్లో ఒక్క చెయ్యీ లేవలేదు. లీగ్‌లో అందరికన్నా ఎక్కువ రైడ్ పాయింట్లు తెచ్చినవాడి సంగతే ఇట్లా ఉంటే, లెక్క రాసేవాడే లేని మనూరి పోరడి సంగతి చెప్పేదేముంది?

మనవాళ్లకు ఏదైనా అమెరికాలో జరిగిందంటేనే నమ్మకం కాబట్టి అక్కడి ముచ్చట కూడా ఒకటి చెబుతాను. అక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు, కోడిగుడ్డు ఆకారం బంతిని చంకలో పెట్టుకొని ఒకరి మీద ఒకరు పడేది. ప్రొఫెషనల్ టీములు 32. ఏటా కాలేజీ కుర్రాళ్లను ఇండియానాపొలిస్‌కు పిలిపించి 40 గజాలు ఉరికిస్తారు, ఎగిరిస్తారు, బరువులెత్తిస్తారు. చివరికి అరచెయ్యి ఎంత వెడల్పో కూడా కొలుస్తారు. ఏ టీముకు ఏ లోటుందో, దాన్ని ఏ కాలేజీ పిల్లవాడు పూడుస్తాడో నెలల తరబడి చర్చిస్తారు. తర్వాత డ్రాఫ్ట్ అని ఏడు రౌండ్ల ఎంపిక పెడతారు. ఇంత కొలిచీ బోల్తా పడిన రోజులున్నాయి. 1936లో జరిగిన మొట్టమొదటి డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు ఎంచుకున్న జే బెర్వాంగర్ ప్రొఫెషనల్ ఆట ఒక్కటీ ఆడలేదు. 2000లో 198 మంది పేర్లు పిలిచాక గానీ టామ్ బ్రేడీని పిలవలేదు. ఆయన తర్వాత ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు.

అంటే వాళ్ల కన్నూ తప్పుతుంది. కానీ వాళ్లకు చూసే అలవాటుంది. ఇంకోటుంది, అది మనకు మరీ ముఖ్యం. ఆ డ్రాఫ్ట్‌లో కిందటేడు అందరికన్నా హీనంగా ఆడిన టీముకు మొదటి ఎంపిక దక్కుతుంది. ఈ పద్ధతి పెట్టాలని పట్టుబట్టింది ఫిలడెల్ఫియా టీము ఓనరు బెర్ట్ బెల్. ఎందుకంటే ఎప్పుడూ ఓడిపోయేది ఆయన టీమే! మన టైటాన్స్ ఆ లెక్కన వరుసగా మూడేళ్లు దేశంలోని కాలేజీ పోరగాళ్లలో మొదటివాణ్ణి ఏరుకొని ఉండేది. వేలంలో ఆ భాగ్యం లేదు. మొదటొచ్చినవాడికీ 5 కోట్లే, అడుగున పడ్డవాడికీ 5 కోట్లే. సమానత్వమంటే మనకున్న గౌరవం అట్లాంటిది.

అట్లాగని మన లీగ్ కాలేజీలను బొత్తిగా మరిచిపోయిందంటే పాపం తగులుతుంది. 2023 వేలానికి ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లో ఫైనల్ ఆడిన రెండు జట్ల నుంచి 24 మందిని ప్లేయర్ పూల్‌లో చేర్చారు. శభాష్. కాలేజీ పోరగాళ్లకు తలుపు తెరిచారు. ఆ తలుపు మూడో అంతస్తులో ఉంది, మెట్లు మాత్రం కట్టలేదు.

మెట్ల లెక్క చెబుతాను, వినండి. కాగజ్‌నగర్ పోరడు ముందు తన కాలేజీకి ఆడాలి. ఆడాలంటే కాలేజీకి గ్రౌండుండాలి. బట్టల షాపు మీద రెండో అంతస్తులో నడిచే కాలేజీకి గ్రౌండు ప్రాస్పెక్టస్‌లో ఉంటుంది, ఫొటో కూడా చక్కగా ఉంటుంది, ఏ దేశానిదో గానీ గడ్డి పచ్చగా ఉంటుంది. తర్వాత పీడీ సార్ ఉండాలి. ఉన్నచోట ఆయన అటెండెన్స్ తీయాలి, లేటుగా వచ్చినవాళ్లను గేటు దగ్గర ఆపాలి, పరీక్షల్లో స్లిప్పులు పట్టాలి, ఫీజు కట్టనివాళ్ల నాన్నలకు ఫోన్లు చేయాలి. ఇవన్నీ అయ్యాక కూడా సూర్యుడు మిగిలి ఉంటే విజిల్ ఊదాలి. ఆటల ఫీజు మాత్రం అందరి దగ్గరా పైసా తగ్గకుండా వసూలవుతుంది. కాలేజీలో నికరంగా సాగే ఆట అదొక్కటే.

ఆ తర్వాత ఇంటర్ కాలేజియేట్ పోటీలు, యూనివర్సిటీ సెలక్షన్స్. చీకటితోనే లేచి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాజీపేటలో దిగాలి. ఛార్జీలు ఎవరివి? ఆడేవాడివే. సెలక్షన్ అంటే ఏ యూనివర్సిటీలోనైనా తంతు ఇంచుమించు ఒకటే. వందల మంది పిల్లలు, ఒక్కొక్కరికి మూడు కూతలు. మొదటి కూత భయానికి పోతుంది. రెండో కూతలో సార్ పేరడుగుతారు. మూడో కూతకు సార్‌కు ఫోనొస్తుంది. ఇవి దాటినవాడు సౌత్ జోన్ దాటాలి, ఆలిండియాలో నిలవాలి, ఖేలో ఇండియాలో ఫైనల్ కొట్టాలి. అప్పుడు ఆ 24 మందిలో ఒకడవుతాడు. అప్పటికి వాడి వయసెంతుంటుందో, ఇంట్లో పెళ్లికెదిగిన చెల్లెలుంటే ఆ ఆట ఎన్నాళ్లుంటుందో మీరే ఊహించుకోండి.

మనూళ్లో ఆటగాళ్లుంటే కదా ఈ బాధంతా అనేవారి కోసం ఒక్కణ్ణి చూపిస్తాను. పేరు రాయను. పేరు రాసి వాడికి నేను ఇవ్వగలిగింది ఏమీ లేదు. మా ఊరి గ్రౌండ్‌లో సాయంత్రాలు ఆడతాడు. డిగ్రీ ఆఖరి సంవత్సరం, పెళ్లిళ్ల సీజన్లో క్యాటరింగ్‌కు పోతాడు. లెఫ్ట్ కార్నర్. కోర్టు అంటే నీళ్లు చల్లి చదును చేసిన మట్టి, సున్నంతో గీసిన గీతలు. కాళ్లకు బూట్లుండవు, కుడి మోకాలికి మాత్రం రంగు వెలిసిన నీ క్యాప్ ఉంటుంది. రైడర్ గీత దాటి లోపలికి వచ్చినంతసేపు ఈ పోరడు గోడవార పోయే పిల్లిలా నక్కడు, కేకలు పెట్టడు. ఊరికే నిలబడతాడు. రైడర్ బోనస్ గీత వైపు కాలు చాపుతాడు, వెనక పాదం మడమ నేల మీంచి లేస్తుంది. సరిగ్గా ఆ లేచిన క్షణాన కిందికి దిగిపోతాడు. రెండు చేతులూ చీలమండ చుట్టూ తాళం పడతాయి. అప్పటికి మిగిలిన ఆరుగురూ రైడర్ మీద ఉంటారు.

"వాడు కాలేస్తడని నీకెట్ల ఎరుకైతది తమ్మీ?" అని అడిగాను.

"మొహం జూడొద్దు సార్, మొహం అబద్ధమాడ్తది. నడుము జూడాలె. కాలు ఏసే ముందు నడుము తిరుగుతది."

"ఈ యేడు ఎన్ని పట్టినవ్?"

నవ్వాడు. "ఎవడు లెక్క వెడ్తడు సార్?"

చూశారా, వాడికి చదువొచ్చు, ఆటొచ్చు, సూత్రం కూడా వచ్చు. లేనిదల్లా లెక్క. రోహ్‌తక్ పోరడికి ప్రతి పట్టుకూ ఒక అంకె ఉంటుంది, ఆ అంకె మన చాయ్ హోటల్ దాకా వస్తుంది. ఈ పోరడి పట్టు మట్టిలో పడి మట్టిలోనే చెరిగిపోతుంది. వీడు మ్యాట్ ఎక్కలేదు కూడా. మట్టి కాలికి కొంచెం జారుడిస్తుంది, మ్యాట్ బూటును పట్టేసుకుంటుంది. మట్టి మీద నేర్చినవాణ్ణి నేరుగా మ్యాట్ మీదికి తోస్తే మొదటి పది నిమిషాల్లో చీలమండ బెణుకుతుంది. అప్పుడు సెలక్టర్ సార్ నోటుబుక్కులో 'ఫిట్‌నెస్ లేదు' అని రాసుకుంటారు. నోటుబుక్కు తెచ్చుకుంటే గనక.

ఇంటి దగ్గర నాన్న అడుగుతాడు: "ఆట కూడు వెడ్తదా బిడ్డా?" ఆ ప్రశ్నలో తప్పేం లేదు. 2014లో మిల్లు మూతపడి నాలుగేళ్లు తెరుచుకోని ఊరు ఇది. నెల తిరిగేసరికి వచ్చే జీతం కూడా కూడు పెట్టకుండా పోగలదని కళ్లారా చూసిన తండ్రి, కూతకు వెళ్లిన కొడుకును నమ్మమంటే ఎట్లా నమ్ముతాడు? కాకపోతే ఆ తండ్రే సాయంత్రం చాయ్ హోటల్‌కు వచ్చి, "రెండు కోట్ల అరవై లచ్చలంటే తక్కువనే పెట్టిండ్రు" అంటాడు. పక్కింటివాడి కొడుకు ఆడితే ఆట, మనవాడు ఆడితే తిరుగుడు.

ఇక సర్కారు వారి సంగతి. వారిని తక్కువ చేయకూడదు, వారికీ కొలిచే అలవాటుంది. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ స్పోర్ట్స్ స్కూళ్లకు నాలుగో తరగతిలో పిల్లల్ని తీసుకుంటారు. మండలంలో కొలుస్తారు, జిల్లాలో కొలుస్తారు, రాష్ట్ర స్థాయిలో మళ్లీ కొలుస్తారు. ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, నిలబడి ముందుకు దూకడం, నిలువుగా ఎగరడం, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు, ఒళ్లు వంగే గుణం. మంచి పద్ధతి, మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ తొమ్మిదేళ్ల వయసులో ఎవరెంత ఎదుగుతారో దేవుడికే తెలియదు. ఆ రోజు జ్వరమొచ్చిన పిల్లవాడు, ఆ నోటీసు చేరని గూడెం పిల్లవాడు, పదహారేళ్లకు హఠాత్తుగా భుజాలొచ్చిన పిల్లవాడు, వీళ్లను మళ్లీ కొలిచేదెవరు? తొమ్మిదేళ్లకు ఒకసారి టేపు బయటికి తీసి, చుట్టి లోపల పెట్టేస్తే, ఇరవై ఏళ్లకు వాడు దొరకలేదని హర్యానాకు రైలెక్కడం తప్ప ఏం మిగులుతుంది?

కాలితో తన్నే ఫుట్‌బాల్‌లో మన కన్ను ఒకప్పుడు ఎంత బాగుండేదో కూడా గుర్తు చేసుకోవాలి. హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చింది. ఆయన దగ్గర చెక్కుబుక్కు లేదు, కళ్లుండేవి. ఇప్పుడేమైంది? 2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో మూటాముల్లె సర్దుకొని ఢిల్లీకి వెళ్లి పేరు కూడా మార్చుకుంది. అదే ఏడాది డిసెంబర్ 13న మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చాడు, ముఖ్యమంత్రి స్వయంగా జెర్సీ వేసుకొని బంతి తన్నారు, రాష్ట్రమంతా మురిసింది. ఉన్న క్లబ్బు పోతే కిక్కురుమనలేదు, చుట్టపుచూపుగా వచ్చినవాడికి నీరాజనం పట్టాం. ప్రో కబడ్డీ కూడా ఆ ఏడు విశాఖలో మొదలైంది, హైదరాబాద్‌లో ఒక్క మ్యాచూ పెట్టలేదు. తెలంగాణ పోరడు టైటాన్స్ ఆట టికెట్ కొని చూడాలన్నా పక్క రాష్ట్రానికి పోవాల్సి వచ్చింది.

కాబట్టి నాదొక విన్నపం. పిల్లల్ని కొలిచింది చాలు, ఆ తొమ్మిది పరీక్షలూ ఈసారి పెద్దలకు పెడదాం. ఎత్తు: ఫ్లెక్సీ మీద ఫొటో ఎత్తు కొలవాలి, ఇందులో ఎవరూ ఫెయిలవ్వరు. బరువు: సన్మానంలో మెడలో పడ్డ దండలతో కలిపి తూయాలి. 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్: స్టేడియం ఫైలు ఒక టేబుల్ మీంచి పక్క టేబుల్ మీదికి పోయే వేగం, స్టాప్‌వాచ్ వద్దు, క్యాలెండర్ చాలు. నిలబడి ముందుకు దూకడం: పార్టీలు మారే నాయకులకు ప్రపంచ రికార్డులు ఖాయం. నిలువుగా ఎగరడం: బహుమతుల సభలో కింది కుర్చీలోంచి స్టేజీ మీదికి. షటిల్ రన్: ఒకే అర్జీ జిల్లా నుంచి హైదరాబాద్‌కు, హైదరాబాద్ నుంచి జిల్లాకు ఆరుసార్లు. మెడిసిన్ బాల్: బాధ్యతను ఎత్తి పక్క శాఖలో ఎవరెంత దూరం విసురుతారో. 800 మీటర్లు: శంకుస్థాపన నుంచి రిబ్బన్ కత్తిరింపు దాకా, ఇందులో గీత దాటినవాళ్లు అరుదు. ఇక ఒళ్లు వంగే గుణం: అందరికీ ఫుల్ మార్కులు వేసి ఇంటికి పంపొచ్చు.

ఫ్రాంచైజీ పెద్దలకు పరీక్ష పెట్టను, ఒక లెక్క చెబుతాను. మీ వేలంలో అట్టడుగు డీ కేటగిరీ ఆటగాడి కనీస ధర 9 లక్షలు. అందులో ఒక మనిషికి నెలకు 50 వేల చొప్పున ఏడాది జీతమిస్తే 6 లక్షలవుతుంది. మిగిలిన 3 లక్షలు రైలు, బస్సు, లాడ్జి, ఒక నోటుబుక్కు. ఆ మనిషికి ఇంగ్లిష్ రావాల్సిన పని లేదు, ల్యాప్‌టాప్ అక్కర్లేదు. కబడ్డీ ఆడి ఉండాలి, మొహం కాకుండా నడుము చూడడం తెలిసి ఉండాలి. ఆయన్ను ఆదివారాలు కాగజ్‌నగర్, ఆసిఫాబాద్, బెల్లంపల్లి, మంచిర్యాల, జగిత్యాల, హుజూరాబాద్ తిప్పండి. కాలేజీ టోర్నమెంటుకు వెళ్లి కుర్చీ వేయించుకోకుండా గీత పక్కన నిలబడమనండి. ఎవడు ఎన్ని పట్టాడో రాయమనండి. ఏడాది తిరిగేసరికి ఆ నోటుబుక్కులోంచి ఇద్దరు పోరగాళ్లను తీసి మ్యాట్ ఎక్కించండి.

ఆయన ఎంచినవాళ్లు పనికిరారేమో అని భయమా? భయపడకండి. 66 ఆటల్లో 5 గెలుపుల రికార్డు మీ పేరిటే ఉంది. దాన్ని బద్దలు కొట్టడం కాగజ్‌నగర్ పోరగాళ్ల వల్ల కాదు.